కొలువులో రాసుకున్న రోజులు: కిదో కోయిచి యుద్ధకాలపు డైరీ



ఏటా ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు, రాజుగారి శాసనం కన్నా కరణంగారి కవిలెను ముందు చదవమనేవారు. శాసనం పదిమందీ చూడాలని చెక్కించింది, కవిలె పని జరగడం కోసం రాసుకున్నది. ఆ మాట చెప్పిన వెంటనే, "కరణంగారికి మాత్రం సొంత పొలం ఉండదా?" అని తానే నవ్వేవారు. ఇవాళ నేను చెప్పబోయేది కరణం గురించి కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ చక్రవర్తి హిరోహితో కొలువులో ఆయనకు అందరికన్నా దగ్గరగా మసలిన ఉద్యోగి గురించి, ఆయన రోజూ రాసుకున్న డైరీ గురించి. ఆయన పేరు కిదో కోయిచి.

కిదో 1889లో పుట్టాడు. మెయిజీ పునరుద్ధరణను నడిపిన ముగ్గురు ప్రముఖులలో ఒకడైన కిదో తకయోషి ఆయనకు దత్తత వరసలో తాత. ఆ తాత రాసిన డైరీ మెయిజీ తొలినాళ్ల చరిత్రకు పెద్ద ఆధారం. అంటే డైరీ రాయడం ఆ ఇంట్లో కొత్త సంగతి కాదు. కోయిచి క్యోటో విశ్వవిద్యాలయంలో చదివి వ్యవసాయ, వాణిజ్య శాఖలో ఉద్యోగం చేశాడు. 1930లో రాజముద్రాధికారి కార్యాలయానికి ముఖ్య కార్యదర్శిగా వచ్చాడు. నడుమ విద్యాశాఖకూ, ప్రజాసంక్షేమ శాఖకూ, హోంశాఖకూ మంత్రిగా పనిచేశాడు. 1940 జూన్ 1న తానే రాజముద్రాధికారి అయ్యాడు. 1945 నవంబరులో ఆ పదవినే రద్దు చేసేదాకా అందులో ఉన్నాడు.

పేరు చూస్తే ముద్రలూ దస్తావేజులూ భద్రపరిచే ఉద్యోగంలా ఉంటుంది. పని వేరు. చక్రవర్తికి రాజకీయ సలహా ఇచ్చేవాడు ఆయనే. ఎవరు ఎప్పుడు దర్శనానికి వస్తున్నారు, ఏ విన్నపం తెస్తున్నారు అన్నది ఆయన చెవిన పడకుండా ఉండదు. పాతతరం పెద్దలలో చివరివాడైన సయోన్జీ 1940 నవంబరులో కన్నుమూశాక, కొత్త ప్రధాని ఎవరన్నది మాజీ ప్రధానులను సంప్రదించి చక్రవర్తికి విన్నవించే భారం పూర్తిగా కిదో మీద పడింది. 1941 అక్టోబరు 17న తోజో హిదెకి పేరు అలా ఆయన నోటి మీదుగానే వెళ్లింది. జపాన్‌ను అమెరికాతో యుద్ధంలోకి నడిపించిన ప్రధానిని సిఫారసు చేసినవాడి డైరీ ఇది. ఈ సంగతి గుర్తుంచుకుని చదవాలి.

ఇక డైరీ సంగతి. సాహిత్యం కోసం వెతికేవారికి నిరాశే మిగులుతుంది. చాలా రోజులకు కొద్ది వాక్యాలే ఉంటాయి. ఇన్ని గంటలకు కొలువుకు వెళ్లాను, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా దర్శనం, ఫలానా మంత్రి వచ్చాడు, ఫలానా జనరల్ ఫోన్ చేశాడు. సెలవు దొరికితే గోల్ఫ్. ఆయనకు గోల్ఫ్ పిచ్చి ఉండేది. మనసులో ఏముందో దాదాపు చెప్పడు. అందుకే కొత్తగా చేతిలోకి తీసుకున్నవాళ్లు నాలుగు పేజీలకే విసుగు పడతారు. నాకు మాత్రం ఆ విసుగు పుట్టించే గంటల లెక్కే ఈ డైరీలో అన్నిటికన్నా విలువైన సరుకు అనిపిస్తుంది. అభిప్రాయాలను తర్వాత మార్చి రాసుకోవచ్చు, జ్ఞాపకాలకు మెరుగు పెట్టవచ్చు. ఒక మంగళవారం పూట ఎవరు ముందు లోపలికి వెళ్లారు, ఎవరు తర్వాత వెళ్లారు అన్న చిన్న సంగతిలో అబద్ధమాడాలని ఎవరికీ తోచదు. చరిత్రకారుడు ఆ వరసను పట్టుకునే, ఏ మాట ఎవరి నుంచి ఎవరికి చేరి ఉంటుందో ఆరా తీయగలుగుతాడు.

పైగా వేరే కాగితాలు మిగలలేదు. 1945 ఆగస్టులో లొంగుబాటు ఖాయమయ్యాక సైన్యమూ ప్రభుత్వ శాఖలూ దస్తావేజులను కుప్పలు పోసి తగలబెట్టాయి. చక్రవర్తి సొంత డైరీ అంటూ ఏదీ బయటికి రాలేదు. ఆయన సముఖంలో జరిగిన సమావేశాలలో చాలావాటికి మనకు మిగిలినవి ఇతరులు రాసుకున్న ముక్కలే. యుద్ధకాలపు జపాన్ రాజ్యాధికారం గురించి మనకు తెలిసినదాంట్లో ఎంతో భాగం కొలువు ఉద్యోగుల చేతిరాత మీద నిలబడి ఉంది. అంత బరువు ఒక మనిషి డైరీ మీద పెట్టవచ్చా?

ఒక్క రోజును దగ్గరగా చూద్దాం. 1941 అక్టోబరు 13. ప్రధాని కొనోయె ప్రభుత్వం ఊగిసలాడుతోంది, ఇంకో మూడు రోజుల్లో రాజీనామా చేయబోతోంది. అమెరికాతో సంప్రదింపులకు సెప్టెంబరు 6 నాటి సముఖ సమావేశం పెట్టిన గడువు మించిపోతోంది. ఆ రోజు చక్రవర్తి తనతో అన్న మాటలను కిదో కాస్త వివరంగానే రాసుకున్నాడు. అమెరికాతో సంప్రదింపులు ఫలించే ఆశ సన్నగిల్లుతోందని హిరోహితో అన్నాడట. యుద్ధమే వస్తే ఈసారి యుద్ధ ప్రకటన శాసనం వెలువరించవలసి ఉంటుందన్నాడట. యుద్ధాన్ని ఎలా ముగించాలో మొదటి నుంచే ఆలోచించి పెట్టుకోవాలనీ, అందుకు వాటికన్‌తో రాయబార సంబంధాలు ఏర్పరచుకోవడం మంచిదనీ చెప్పాడట. ఇది ఉబుసుపోక అన్న మాట కాదు. 1942లో జపాన్ నిజంగానే వాటికన్‌కు రాయబారిని పంపింది.

ఈ పేజీని దశాబ్దాలుగా రెండు రకాలుగా చదువుతూ వచ్చారు. యుద్ధం మొదలుకాకముందే దాన్ని ముగించే దారి వెతుకుతున్నాడంటే ఆయన మనసు శాంతి వైపే ఉందని ఒక వర్గం వాదన. యుద్ధ ప్రకటన పాఠం దాకా ఆలోచన వెళ్లిందంటే యుద్ధం వస్తుందన్న లెక్క ఆయన మనసులో ముందే పడిపోయిందని రెండో వర్గం మాట. కిదో పేజీ ఒక్కటే ముందు పెట్టుకుంటే ఈ తగువు తేలదు. చక్రవర్తి మాటలు రాశాడు గానీ, ఏ స్వరంతో అన్నాడో, విన్న తనకు ఏమనిపించిందో కిదో రాయలేదు.

2021లో తోక్యో విశ్వవిద్యాలయంలో ఇంకో డైరీ పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. అది 1936 నవంబరు నుంచి 1944 ఆగస్టు దాకా చక్రవర్తి ఆంతరంగిక పరిచారకవర్గానికి అధిపతిగా ఉన్న అడ్మిరల్ హ్యకుతాకె సబురోది. ఆ పదవిలో ఆయనకు ముందు ఉన్నవాడు సుజుకి కంతారో. 1936 ఫిబ్రవరి 26 తిరుగుబాటులో తుపాకీ గుళ్లు తగిలి బతికి బయటపడి, 1945లో ప్రధానమంత్రిగా లొంగుబాటును నడిపిన సుజుకి ఆయనే. హ్యకుతాకె డైరీలోనూ 1941 అక్టోబరు 13 పేజీ ఉంది. చక్రవర్తి తెగించి సిద్ధపడినట్టే కనిపిస్తున్నారని రాజగృహ శాఖ మంత్రి మత్సుదైరా అన్నట్టు అందులో ఉంది. చక్రవర్తి ఒక్కోసారి మరీ ముందుకు దూసుకుపోతున్నారనీ, ఆపవలసి వస్తోందనీ చెప్పింది ఎవరనుకున్నారు? కిదో.

అంటే ఆ రోజు కిదోకు ఏమనిపించిందో ఉంది. కాకపోతే అది ఆయన డైరీలో లేదు, పక్కవాడి డైరీలో ఉంది. నవంబరు 20 పేజీలోనూ దాదాపు ఇదే ధోరణి. చక్రవర్తి నిశ్చయం మరీ ముదిరిపోయినట్టుందనీ, ఆయన ఎదుట మాట్లాడేటప్పుడు శాంతి ప్రయత్నం చివరిదాకా సాగుతోందన్న అభిప్రాయం కలిగేలా చూడమని విదేశాంగమంత్రిని కోరాననీ కిదో చెప్పినట్టు హ్యకుతాకె నమోదు చేశాడు.

దీన్ని బట్టి కిదో డైరీ అబద్ధాల పుట్ట అని కొట్టిపారేయకూడదు. కిదో రాసినదానిలో ఒక్క మాటను కూడా హ్యకుతాకె కాదనడం లేదు. జరిగింది ఇంతే: కిదో చక్రవర్తి మాటలను నమోదు చేసే పుస్తకం ఒకటి పెట్టుకున్నాడు, చక్రవర్తి మీద తన అంచనాను మాత్రం అందులోకి రానివ్వలేదు. ఆ అంచనాను తోటి ఉద్యోగితో నడవలోనో గదిలోనో పంచుకున్నాడు. సముఖంలో విన్నది కాగితం మీదికి ఎక్కుతుంది, సముఖం గురించి తనకేమనిపించిందన్నది ఎక్కదు. ఇది మోసం కాదు, కొలువు మర్యాద. ఆ మర్యాద ఎక్కడ గీత గీసిందో తెలిస్తేనే డైరీలోని మౌనాన్ని చదవగలం. హ్యకుతాకె పేజీ బయటపడకపోతే ఆ గీత ఉందని కూడా మనకు రూఢిగా తెలిసేది కాదు. అందుకే కొలువు డైరీని ఒంటరిగా చదవడం చదవడమే కాదంటాను. ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నాను, అభ్యంతరం ఉన్నవారు ఉపన్యాసం తర్వాత నిలదీయవచ్చు.

ఇంకో రోజు, నవంబరు 30. చక్రవర్తి తమ్ముడు, నౌకాదళ అధికారి తకమత్సు ఉదయం వచ్చి, నౌకాదళానికి ఇది తలకు మించిన భారంగా ఉందనీ, వీలైతే యుద్ధం తప్పించుకోవాలనుకుంటోందనీ అన్నకు చెప్పాడు. చక్రవర్తి కిదోను పిలిపించి, నిజమేమిటని అడిగాడు. ఒకసారి తీసుకున్నాక వెనక్కి తీసుకోలేని నిర్ణయం కాబట్టి అనుమానం ఏ కాస్త ఉన్నా నౌకాదళ మంత్రినీ, నౌకాదళ ప్రధానాధిపతినీ వెంటనే పిలిచి అడగమని కిదో సలహా ఇచ్చాడు. మంత్రి షిమాదా, ప్రధానాధిపతి నగానో వచ్చారు. ధైర్యంగా ఉన్నామన్నారు. సాయంత్రం చక్రవర్తి మళ్లీ కిదోను పిలిచి, అనుకున్న ప్రకారమే కానివ్వమని ప్రధానికి చెప్పమన్నాడు. కిదో తోజోకు ఫోన్ చేశాడు. మరునాడు సముఖ సమావేశం జరిగింది. వారం తిరగకముందే హవాయి మీద బాంబులు పడ్డాయి.

ఇక్కడ గంటల వరసే అంతా చెబుతుంది. పొద్దున కలిగిన సందేహం సాయంత్రానికి తీరిపోయింది. తీర్చినవాళ్లు, ఆ సందేహం ఎవరి గురించి కలిగిందో వాళ్లే. అడగవలసింది ఇంకెవరినైనానా అన్న ఆలోచన సలహా ఇచ్చిన కిదోకు వచ్చిందో లేదో పేజీలో లేదు. అంత పెద్ద నిర్ణయం ఎంత మామూలు ఆఫీసు పద్ధతిలో సాగిపోయిందో ఈ పేజీ చదివితే తెలిసినట్టు ఏ సిద్ధాంత గ్రంథం చదివినా తెలియదు.

డిసెంబరు 8 పేజీలో మాత్రం కిదో ఒక్కసారి తెర కొంచెం ఎత్తుతాడు. నడిరాత్రి దాటాక విదేశాంగమంత్రి తోగో ఫోన్ చేశాడు, రూజ్‌వెల్ట్ నుంచి చక్రవర్తికి స్వయంగా సందేశం వచ్చిందని. ఆ రాత్రే కిదో కొలువుకు వెళ్లొచ్చాడు. తెల్లవారి మళ్లీ వెళుతూ అకసాకా దగ్గర మిట్ట ఎక్కుతుండగా, భవనాల మీదుగా సూర్యుడు ఉదయించడం చూసి, హవాయి మీద దాడికి వెళ్లినవారిని తలచుకుని కళ్లు మూసుకుని విజయం కోసం ప్రార్థించానని రాసుకున్నాడు. శాంతికాముకుడినని యుద్ధనేరాల న్యాయస్థానంలో చెప్పుకోబోయే మనిషికి ఈ పేజీ ఎంత ఇరకాటమో ఊహించుకోండి.

ఆ న్యాయస్థానం కథే ఈ డైరీకి రెండో జన్మ. 1945 డిసెంబరులో ఆక్రమణ సేనల అరెస్టు జాబితాలోకి కిదో పేరు ఎక్కింది. అదే జాబితాలోకి ఎక్కిన ఆయన పాత స్నేహితుడు కొనోయె, జైలుకు వెళ్లవలసిన డిసెంబరు 16 తెల్లవారుజామున విషం మింగి చనిపోయాడు. కిదో సుగమో జైలుకు వెళ్లాడు. వెళ్లేముందు ఆయనకు సలహా చెప్పినవాడు త్సురు షిగెతో, హార్వర్డ్‌లో చదివిన ఆర్థికశాస్త్రవేత్త, కిదో తమ్ముడికి అల్లుడు. చక్రవర్తిని కాపాడాలంటే నేరమంతా నెత్తిన వేసుకోవడమే సేవకుడి ధర్మమని కిదో అనుకుంటూ ఉన్నాడు. అమెరికన్ల లెక్క వేరని త్సురు చెప్పాడు: సలహాదారుడు దోషి అయితే చక్రవర్తీ దోషే అవుతాడు, సలహాదారుడు నిర్దోషి అయితే చక్రవర్తీ నిర్దోషి. ఆ లెక్క మీదే కిదో తన డైరీని ప్రాసిక్యూషన్‌కు అప్పగించాడు. 1930 నుంచి 1945 దాకా, మొత్తం.

ఆయన అనుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి. తోక్యో విచారణలో ప్రాసిక్యూషన్‌కు దొరికిన అతి బలమైన ఆధారాలలో ఈ డైరీ ఒకటయింది. సైనిక నాయకులను ఒక్కొక్కరినీ పట్టించింది, తోజోను సిఫారసు చేసినవాడినీ పట్టించింది. సైనికాధికారులైన తోటి ముద్దాయిలు జైల్లో కిదోను క్షమించలేదు.

1947 అక్టోబరులో కిదో సాక్ష్యం చెప్పాడు. దాదాపు 300 పేజీల ప్రమాణపత్రం దాఖలు చేశాడు. డైరీలోని పేజీలనే ఏరి కూర్చి, సైన్యాన్ని మొదటి నుంచీ ఎదిరించిన మనిషి బొమ్మను అందులో నిలబెట్టాడు. విద్యార్థులు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 1941లో రాసిన పేజీ ఒక రచన, 1947లో దాన్ని ఉదహరించిన ప్రమాణపత్రం ఇంకో రచన. చేతిరాత ఒకరిదే అయినా అవసరాలు వేరు. పుస్తకాలలో ఈ రెండూ తరచూ కలిసిపోతుంటాయి. కిదో ఆనాడు ఇలా అనుకున్నాడని రాసినచోట, ఆ మాట డైరీదా ప్రమాణపత్రానిదా అని వెతికి చూసుకోండి. సగం తగువులు అక్కడికక్కడే తీరిపోతాయి.

అదే ఏడాది చివరి రోజున చిత్రమైన సంగతి జరిగింది. బోనులో తోజో ఉన్నాడు. కిదో తరఫు అమెరికన్ న్యాయవాది లోగన్ తన కక్షిదారుకు మేలు చేద్దామని, చక్రవర్తి శాంతి కోరికకు విరుద్ధంగా కిదో ఎప్పుడైనా నడుచుకున్నాడా అని అడిగాడు. చక్రవర్తి ఇచ్ఛకు విరుద్ధంగా ఏ జపాన్ పౌరుడూ నడుచుకోడని తోజో జవాబిచ్చాడు. ఆ ఒక్క జవాబుతో యుద్ధమంతా చక్రవర్తి ఇచ్ఛే అయిపోయింది! చక్రవర్తిని బోనులోకి రానివ్వకూడదని పట్టుదలగా ఉన్న ప్రాసిక్యూటర్ కీనన్‌కే చెమటలు పట్టాయి. కొత్త ఏడాది మొదటివారంలో తోజో చేత ఆ మాట సర్దిచెప్పించేదాకా గండం గడవలేదు. డైరీని ఎవరిని కాపాడటానికి అప్పగించాడో ఆయనను, డైరీ యజమాని సొంత వకీలే కొద్దిలో ముంచేవాడు.

1948 నవంబరు 12న కిదోకు యావజ్జీవ శిక్ష పడింది. మన దేశం నుంచి వెళ్లిన న్యాయమూర్తి రాధావినోద్ పాల్ ఒక్కడే ముద్దాయిలందరూ నిర్దోషులని భిన్నాభిప్రాయం రాశాడు. ఆయన తీర్పును జాతీయవాద గర్వంతో తలచుకోవడం మనకు అలవాటు. ఆయన లేవనెత్తిన సాక్ష్యాల ప్రశ్నను అంతగా తలచుకోం. మామూలు సాక్ష్య నియమాలు ఆ ట్రిబ్యునల్‌కు వర్తించవని దాన్ని ఏర్పరచిన నిబంధనలలోనే రాసి ఉంది. ఎవరో చెప్పగా విన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న పాల్ పేచీ చరిత్రకారుడికి కూడా అక్కరకొస్తుంది. కిదో స్నేహితుడు హరాదా కుమావో, సయోన్జీకి రాజకీయ కబుర్లు చేరవేస్తూ వాటిని చెప్పి రాయించిన వృత్తాంతాన్నీ అదే విచారణలో వాడుకున్నారు. హరాదా రాయించినది చాలావరకు చెవిన పడినది, కిదో రాసినది ఎక్కువగా తాను గదిలో ఉండి విన్నది. న్యాయస్థానానికి రెండూ ఆధారాలే. చరిత్రకు మాత్రం అవి వేరువేరు తరగతులు. నిజం చెప్పాలంటే హరాదా పుస్తకం చదవడానికి పదింతలు రుచిగా ఉంటుంది. రుచిని చూసి మోసపోకూడదు.

ఇక్కడ మన తీరం సంగతి ఒకటి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మనవాళ్లు ఇళ్లు వదిలి లోపలి ఊళ్లకు తరలిపోయిన కథలు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. తోక్యో కొలువులో కూర్చుని చూస్తే అది సుదూర రంగస్థలంలో ఒక రోజు పని. కొలువు డైరీ చూపించగలిగే మేరకు హద్దు ఇది. నిర్ణయం పుట్టిన గది అందులో కనబడుతుంది, నిర్ణయం తగిలిన ఊరు కనబడదు.

ఆ గది ఎంత ఇరుకో 1945 పేజీలు చూపిస్తాయి. జూన్ 8న చివరిదాకా పోరాడాలని సముఖ సమావేశం తీర్మానించిన రోజే కిదో, యుద్ధాన్ని ముగించే పథకం ముసాయిదా రాశాడు. ఏడాది ద్వితీయార్ధానికి యుద్ధం చేసే శక్తి ఉడిగిపోతుందనీ, చలికాలానికి తిండీ బట్టా కరువై జనంలో అలజడి పుడుతుందనీ అందులో అంచనా వేశాడు. సోవియట్ మధ్యవర్తిత్వంతో, చక్రవర్తి చొరవతో సంధి కుదర్చాలన్నది సారాంశం. జనం బాధ అందులో ఉంది. రాజవంశానికి రాబోయే ముప్పుగా ఉంది. జూలై 26న జపాన్‌ను లొంగిపొమ్మనే పోట్స్‌డామ్ ప్రకటన వెలువడింది. జూలై 31న చక్రవర్తీ కిదో మాట్లాడుకున్నది ఇసే, అత్సుతా ఆలయాలలోని దివ్య రాజచిహ్నాల భద్రత గురించి. అద్దమూ కత్తీ శత్రువు చేతికి చిక్కకుండా తన దగ్గరికి తెప్పించుకుంటే బాగుంటుందని చక్రవర్తి ఆలోచన. హిరోషిమాకు ఇంకా ఆరు రోజులుంది. ఈ పేజీని ఎవరూ బయట నుంచి కల్పించలేరు. విమర్శకుడు రాసి ఉంటే అన్యాయమైన వెక్కిరింతలా ఉండేది. కిదో దాన్ని భక్తితోనే రాశాడు.

ఆగస్టు 14 రాత్రి లొంగుబాటును అడ్డుకోవాలని తిరగబడ్డ సైనికాధికారులు కిదో కోసం రాజప్రాసాదం ఆవరణ అంతా గాలించారు. ఆయన రహస్య కాగితాలను చింపి మరుగుదొడ్డిలో పారేసి, రాజగృహ శాఖ భవనం నేలమాళిగలో దాక్కున్నాడు. ఆ రాత్రి ఆయన చింపిన కాగితాల విలువెంతో మనం ఎన్నటికీ లెక్కకట్టలేం. డైరీ బతికిందంటే ఆయన దాచినదంతా బతికిందని కాదు.

జైల్లోనూ ఆయన డైరీ మానలేదు. 1951లో శాంతి ఒప్పందం కుదిరినప్పుడు, చక్రవర్తి ఓటమి బాధ్యత వహించి సింహాసనం దిగిపోవడం సబబని కిదో కబురు పంపాడు. ఆ సంగతీ డైరీలో ఉంది. చక్రవర్తిని బోనులోకి రాకుండా కాపాడిన మనిషే ఆ మాట అన్నాడు. విచారణలో చెప్పలేనిది విచారణ ముగిశాక చెప్పగలిగాడని నేను చదువుకుంటాను. హిరోహితో దిగిపోలేదు.

యుద్ధకాలపు డైరీ 1966లో తోక్యో విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి రెండు సంపుటాలుగా వచ్చింది. కిదో 1977లో, హిరోహితో 1989 జనవరిలో కన్నుమూశారు. చక్రవర్తి 1946లో అయిదుగురు సహాయకులకు చెప్పి రాయించిన స్వగతం బయటపడింది 1990లో, ఆయన పోయాక. పరిచారకుడు ఓగురా డైరీ 2007లో, హ్యకుతాకె డైరీ 2021లో వెలుగు చూశాయి. ఆ కొలువు లోపలి కాగితాలలో చాలాభాగం చక్రవర్తి కన్నుమూసేదాకా పెట్టెలలోనే ఉండిపోయాయి. కిదోది మాత్రం ఒక కేసు కోసం పెట్టె దాటింది. ఇరవై రెండేళ్లకు పైగా హిరోహితో సింహాసనం మీద ఉండగానే, 1941 నవంబరు 30 సాయంత్రం ఆయన ఏమన్నాడో తోక్యో పుస్తకాల దుకాణాలలో డబ్బు పెట్టి ఎవరైనా కొనుక్కుని చదవగలిగారు.